బోన్సాయ్ చెట్టుకు వైద్యం
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, వైద్య శిబిరాల గురించి, జమాఖర్చుల గురించి మాట్లాడటం రివాజు. ఈసారి కార్యవర్గంవారు మా దంపతులను పిలిచి, "మీ డాబా మీది చెట్ల సంగతి చెప్పండి, పిల్లలు కూడా కూర్చుని వింటారు" అన్నారు. ఇచ్చిన ఇరవై నిముషాలలో అన్ని చెట్ల గురించీ చెప్పడం మావల్ల కాదు గనుక, ఒక్క చెట్టు సంగతే చెప్పదలచాము. అది మర్రిచెట్టు. ఎత్తు రెండడుగులకు కాస్త తక్కువ.

నవ్వకండి. బోన్సాయ్ అనేది జపాను మాట. 'బోన్' అంటే లోతు తక్కువ పళ్ళెం, 'సాయ్' అంటే నాటడం. పళ్ళెంలో నాటిన చెట్టు, అంతే. విద్య మొదట చైనాలో పుట్టి జపానుకు వెళ్ళింది. దీనికేదో ప్రత్యేకమైన పొట్టి విత్తనం ఉంటుందని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. లేదండీ. ఊరి బయట లారీలు ఆగే మర్రి ఏ విత్తనమో ఇదీ ఆ విత్తనమే. తీసి నేలలో పాతితే ఇదీ ఊడలు దించి వీధంతా ఆక్రమిస్తుంది. వేళ్ళకు చోటు తగ్గించి, కొమ్మలను ఎప్పటికప్పుడు కత్తిరిస్తూ ఉంటే పళ్ళెంలోనే ముసలిదవుతుంది.

"చెట్టును అట్లా కట్టి పడేయటం పాపం కాదా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. కడుపు మాడ్చి పొట్టిగా ఉంచడం బోన్సాయ్ కాదు. నిజానికి నేలమీది చెట్టుకన్నా దీనికే పోషణ ఎక్కువ కావాలి, ఎందుకంటే నీళ్ళు లేవని దీని వేళ్ళు పక్కింటి బావి దాకా వెతుక్కుంటూ పోలేవు. మనం పోస్తేనే తాగుతుంది. రెండు రోజులు మరిస్తే ఎండలో నిలబడి చస్తుంది. పాపమంటూ ఉంటే ఆ మరవడంలో ఉంది.

ఇంకొక మాట కూడా మన ఇళ్ళల్లో బాగా వినిపిస్తుంది. ఇంట్లో పొట్టి చెట్టు ఉంటే ఇంటివాళ్ళకు ఎదుగుదల ఉండదట, వ్యాపారం పెరగదట, పిల్లలు పొడుగవరట. ఈ మాటకు మేమెప్పుడూ విలువ ఇవ్వలేదు. కానీ మేము చెప్పబోయే చెట్టుకు పట్టిన గతి మాత్రం ఈ మాటవల్లనే పట్టింది.

మా వీధిలో ఒక రిటైరైన పంతులుగారు ఉండేవారు. మేము చాచా అనేవాళ్ళం. పిట్టలు వేసిన గింజకు గోడ పగుల్లో మొలిచిన మర్రి మొక్కను ఆయన 1997లో పీకి తెచ్చి పళ్ళెంలో పెట్టారు. ఇరవై రెండేళ్ళు పెంచారు. కాండం మన ముంజేయి లావు అయింది, మూడు ఊడలు నేలకు దిగాయి. నేల అంటే పళ్ళెంలో మట్టేలెండి. 2019లో చాచా పోయారు. ఆ తరువాత ఏడాదే ఇంట్లో వ్యాపారం దెబ్బతిన్నది. ఎవరో చుట్టం వచ్చి చూసి, "ఇదుగో, ఇదే మిమ్మల్ని పెరగనివ్వటం లేదు" అన్నారు. కొడుకులు పారెయ్యబోతే చాచీ ఒప్పుకోలేదు. పారెయ్యనూ లేదు, ఎదుట ఉంచనూ లేదు. డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక్కి నెట్టేశారు.

2021 ఫిబ్రవరిలో చాచీ మమ్మల్ని పిలిపించారు. మోకాళ్ళ నొప్పులవల్ల ఆమె డాబా ఎక్కి చాలా కాలమయింది. "అది ఉందో పోయిందో నేను చూడలేదు, చూడలేను కూడా. మీరు పట్టుకుపోండి. బతికితే మీ చాచా అదృష్టం, లేకపోతే మీ దగ్గరే పోనివ్వండి" అన్నారు. ఎక్కి చూశాము. ఒక్క పక్క పదో పన్నెండో ఆకులు ఉన్నాయి, అవీ పసుపు రంగు తిరిగినవి. రెండో పక్క ఒట్టి పుల్లలు. కొమ్మలకు చుట్టిన అల్యూమినియం తీగ బెరడులోకి దిగబడిపోయింది. మట్టి ఇటుకలాగా బిగిసింది. పళ్ళెం అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది.

రెండేళ్ళు ఎవరూ నీళ్ళు పోయకపోతే ఆ నాలుగు ఆకులైనా ఎట్లా మిగిలాయి? తరువాత తెలిసింది. ట్యాంకు నిండి పొర్లినప్పుడల్లా పళ్ళెంలో ఒక మూలకు నాలుగు చుక్కలు పడేవి. ఏ పక్క వేళ్ళు చాలామటుకు ఆ పక్క కొమ్మలనే పోషిస్తాయి. అందుకని తడి తగిలిన వైపు బతికింది, తగలని వైపు పోయింది.

ఇట్లాంటి చెట్టు చేతికి వచ్చినప్పుడు అందరికీ తోచేది ఒకటే. మట్టి మార్చాలి, ఎరువు వెయ్యాలి, ఎండిన కొమ్మలన్నీ కొట్టెయ్యాలి, ఎండలో పెట్టాలి. అదీ ఆదివారం ఒక్కరోజులో అన్నీ చేసెయ్యాలి. ప్రేమతోనే చేస్తారు. కానీ రెండేళ్ళు బతికిన చెట్టు ఆ ఆదివారంతో చచ్చిపోతుంది. మేము ఈ సభలో గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇదే గనుక, ఇక్కడ కాస్త ఓపికగా వినమని కోరుతున్నాము.

మొదట చేయవలసింది ప్రాణం ఎంతవరకు ఉందో చూడడం. కొమ్మ చివర గోటితో రవ్వంత గీకండి. బెరడు కింద పచ్చగా, తడిగా కనిపిస్తే ఆ చోట ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే లేనట్టు. అప్పుడు కాస్త వెనక్కి వచ్చి మళ్ళీ గీకాలి. అట్లా చివరినుంచి కాండం దాకా రావాలి. మర్రి, రావి, మేడి జాతులకు ఇంకొక సుళువు ఉంది: గీకిన చోట పాలు వస్తాయి. మా చెట్టుకు ఎడమ పక్క పాలు వచ్చాయి. కుడి పక్క పెద్ద కొమ్మ మొదటి దాకా గీకినా రాలేదు. కాండంమీద మాత్రం చుట్టూ పచ్చగానే ఉంది. అంటే సగం చెట్టు ఉంది. ఎండిన కొమ్మను ఆనాడు మేము కొయ్యలేదు. ఎండిన కొమ్మ ఎవరినీ ఏమీ అడగదు, దాన్ని కోసే తొందర లేదు. పైగా వేళ్ళు కుదిపే పని ఏదీ అప్పట్లో పెట్టుకోకూడదు.

రెండోది నీళ్ళు. బిగిసిన మట్టికి పైనుంచి నీళ్ళు పోస్తే మట్టికీ పళ్ళేనికీ మధ్య సందులోంచి జారి అడుగు కంతలోంచి బయటికి వచ్చేస్తాయి. కిందికి కారాయి కదా, తాగేసిందనుకుంటాం. నడిమి మట్టి మాత్రం పొడిపొడిగానే ఉంటుంది. అందుకని పళ్ళేన్ని ఒక పెద్ద టబ్బులో పెట్టి, పళ్ళెం అంచు దాకా నీళ్ళు పోయాలి. బుడగలు పైకి వస్తాయి. బుడగలు ఆగినదాకా, అంటే పది పదిహేను నిముషాలు ఉంచి, తీసి పూర్తిగా వడియనివ్వాలి. ఇది మొదటి రోజు చేసే పని. రోజూ ముంచితే వేళ్ళు కుళ్ళుతాయి. తరువాత ఒక వెదురు పుల్లను మట్టిలో గుచ్చి ఉంచాలి. పొద్దున తీసి చూస్తే తడిగా ఉంటే నీళ్ళు వద్దు, పొడిగా అవుతుంటే పోయాలి. మా బోరు నీళ్ళు ఉప్పన. కాబట్టి ఈ చెట్టుకు మంచినీళ్ళ కుళాయి నీళ్ళే పట్టాము. వర్షాలు వచ్చాక బక్కెట్లు పెట్టి వాన నీళ్ళు పట్టాము. పళ్ళెం అంచున పేరుకున్న ఆ తెల్లటిది ఏళ్ళ తరబడి పోసిన ఉప్పునీళ్ళ గుర్తే.

మూడోది నీడ. నీడ అంటే గదిలో మూల కాదు. వెలుతురు బాగా ఉండి, ఎండ సూటిగా తగలని చోటు. మేము షేడ్ నెట్ కింద పెట్టి, పైన పారదర్శకమైన పాలిథీన్ కవరు గొడుగులాగా కట్టాము. గాలి ఆడటానికి నాలుగు కంతలు పెట్టాము. వేళ్ళు పనిచెయ్యని చెట్టుకు గాలిలో తేమ ఉంటే ఆకు వాడదు. కవరు కట్టినప్పుడు మాత్రం ఎండ అసలు తగలకూడదు, లోపల ఉడికిపోతుంది.

ఇంతే. ఇక చెయ్యవలసింది ఏమీ లేదు, కాచుకుని ఉండడం తప్ప. కష్టమంతా అక్కడే ఉంది సోదరులారా. ప్రతి శుక్రవారం చాచీ ఫోను చేసేవారు. "చిగురేసిందా?" "ఇంకా లేదు చాచీ." మరుసటి శుక్రవారం మళ్ళీ అదే. మూడో వారానికి ఉన్న ఆకుల్లో ఆరు రాలిపోయాయి. మర్రికి చోటు మారిస్తే ఆకు రాల్చే గుణం ఉందని మాకు తెలుసు. కానీ ఫోనులో ఆమెకు ఏమని చెప్పాలి? ఇంటికి వచ్చినవారంతా తలా ఒక మందు చెప్పారు. ఒకరు యూరియా పొట్లం తెచ్చారు. మేము మొక్కలు కొనే నర్సరీ ఆయన ఒక టానిక్ సీసా ఇచ్చి, "రెండు మూతలు పొయ్యండి, వారంలో చూడండి" అన్నాడు. సీసా తీసుకున్నాము, మూత తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదో అక్కచెల్లెళ్ళకు సుళువుగా అర్థమవుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే మర్నాటికి ఊట దిగుతుంది కదా. ఆ ఊట ఎక్కడిది? ముక్కలోని నీళ్ళే. ఉప్పు లాగేసింది. రసాయన ఎరువు కూడా ఉప్పే. ఆరోగ్యంగా ఉన్న వేళ్ళకు, తడి మట్టిలో, పలచగా వేస్తే తిండి అవుతుంది. ఎండి, సగం చచ్చిన వేళ్ళ దగ్గర వేస్తే వాటిలో మిగిలిన నీళ్ళను కూడా లాగేస్తుంది. జ్వరం మనిషికి లంఘనం పెట్టి, పథ్యం పెట్టి, ఆ తరువాత బిర్యానీ పెడతాం. చెట్టుకు మాత్రం మొదటి పూటే బిర్యానీ పెడతాం.

ఆరో వారంలో కాండం కింది భాగాన, ఆకులున్న పక్క కాదు, ఉట్టి బెరడు ఉన్న చోట, ఎర్రటి సూదిమొనలాంటిది ఒకటి కనిపించింది. భూతద్దం పెట్టి చూశాము. మొగ్గ. ఆరోజు శుక్రవారం కాదు. మేమే ఫోను చేశాము. అవతలనుంచి కాసేపు మాట రాలేదు.

మర్రి జాతికి ఈ గొప్పతనం ఉంది. పాత కట్టెలోంచి కూడా కొత్త మొగ్గ వేయగలదు. పైన్ లాంటి చెట్లనుంచి దీన్ని ఆశించలేము. వాటికి ఆకు పోయిన కొమ్మ పోయినట్టే అనుకోవాలి. కాబట్టి మీ దగ్గర ఉన్న చెట్టు ఏ జాతిదో ముందు తెలుసుకుని ఆశ పెట్టుకోవాలని మనవి.

చిగురు రాగానే చీమలు వచ్చాయి. చెట్టుమీద చీమలు బారు కట్టాయంటే చీమల మందు కొట్టడం కాదు, అవి దేనికోసం వచ్చాయో చూడాలి. ఆకు కింద, కొమ్మ పంగల్లో దూదిలాగా పిండినల్లి ఉంది. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు వస్తాయి. పాత పళ్ళ బ్రష్షుతో తోమి తీసేశాము. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి రెండు చుక్కల సబ్బు ద్రవం వేసి సాయంత్రం పూట చల్లాము. ఎండలో చల్లితే లేత ఆకు మాడుతుంది. వారానికొకసారి చొప్పున మూడుసార్లు చేసేసరికి పోయింది.

బెరడులో దిగిన తీగ సంగతి కూడా అప్పుడే చూశాము. చుట్టిన తీగను విప్పబోతే బెరడు ఊడి వస్తుంది. కటింగ్ ప్లేయరుతో ముక్కముక్కగా కత్తిరించి తియ్యాలి. మరీ లోపలికి పోయిన రెండు చుట్లను అట్లాగే వదిలేశాము. చెట్టే మింగేస్తుంది.

ఎండాకాలం మా ఊళ్ళో ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. గుంటూరు ఎండలో డాబా నేలమీద పళ్ళెం పెడితే వేళ్ళు పెనం మీద పెట్టినట్టే. ఇటుకలు పేర్చి, చెక్క వేసి, దానిమీద పెట్టాము. రోహిణి కార్తెలో పొద్దునా సాయంత్రం కూడా నీళ్ళు పోశాము.

మట్టి మార్చడం జూలైలో చేశాము, వానలు పడి గాలి చల్లబడ్డాక. మనవైపు మర్రికి అది మంచి అదను. అప్పటికి కొత్త ఆకులు ముదిరి, ముట్టుకుంటే గట్టిగా తగులుతున్నాయి. చెట్టుకు బలం వచ్చిందనడానికి అదే గుర్తు. పళ్ళెంలోంచి తీస్తే వేళ్ళన్నీ అడుగున చాపలాగా అల్లుకుని ఉన్నాయి. కుడి పక్క వేళ్ళు నల్లగా, పట్టుకుంటే చితికిపోయేట్టు, వాసనతో ఉన్నాయి. అవన్నీ తీసేశాము. ఎడమ పక్క గట్టిగా ఉన్నవాటిలో పొడుగైనవాటి చివరలు మాత్రం కత్తిరించాము. మొత్తం మీద మూడోవంతుకు మించి తియ్యకూడదు. పాత మట్టిని కూడా పూర్తిగా కడిగెయ్యలేదు, మొదటి దగ్గర కాస్త ఉంచాము.

కొత్త మట్టికి ఖర్చేమీ లేదు. పాత ఇటుకలు దంచి, జల్లించి, పెసరగింజంత నుంచి శనగగింజంత ముక్కలు తీసుకోవాలి. దుమ్ము పారెయ్యాలి. అవి రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన ఆకు ఎరువు ఒక పాలు. మన నల్లరేగడి మట్టి పత్తికి బంగారమే గాని పళ్ళెంలోకి పనికిరాదు. తడిస్తే బురద, ఎండితే బీటలు. జపానువాళ్ళు వాడే మట్టి సంచుల్లో అమ్ముతారు. దాని ధర వింటే ఇటుక ముక్కలు ఇంకా అందంగా కనిపిస్తాయి. కంతలమీద జాలీ వేసి, చెట్టు ఊగకుండా అడుగునుంచి తీగతో పళ్ళేనికి కట్టెయ్యాలి. చెట్టు ఊగితే కొత్త వేరు తెగిపోతూ ఉంటుంది. ఆ తరువాత మూడు వారాలు మళ్ళీ నీడ.

ఎరువు ఎప్పుడు వేశామంటే సెప్టెంబరులో. చెట్టు వచ్చిన ఏడు నెలలకు. వేరుశనగ చెక్క నానబెట్టి, ఆ తేటను పదింతలు నీళ్ళతో పలచన చేసి, పదిహేను రోజులకొకసారి. వాసనకు ఇరుగుపొరుగువారు ఓర్చుకోవలసి ఉంటుంది.

కుడి పక్క ఎండిన పెద్ద కొమ్మను ఏం చేశామని అడుగుతారు. కొయ్యలేదు. బెరడు ఒలిచి, కట్టెను నునుపు చేసి, సున్నం గంధకం కలిపిన ద్రావణం పూసి ఉంచాము. దీన్ని జపానువాళ్ళు 'జిన్' అంటారు. పిడుగు పడిన ముసలి చెట్లకు కొన్ని మోడులు ఉండవూ, ఆ తీరున ఉంటుంది. మర్రి కట్టె మెత్తన కాబట్టి మన వానలకు ఎక్కువ కాలం నిలవదు, అది తెలిసే ఉంచాము. చాచా చేత్తో వంచిన కొమ్మ అది. చాచీ చూడాలనుకున్నారు.

2023 నాటికి ఎడమ పక్క కొమ్మలు పెరిగి, కొత్త మొగ్గలోంచి వచ్చిన కొమ్మ ముందుకు తిరిగి, చెట్టుకు కొత్త ఆకారం వచ్చింది. పాత అందం కాదు. చాచా పెంచినప్పుడు రెండు పక్కలా సమంగా గొడుగులాగా ఉండేది. ఇప్పుడు గాలికి ఒకవైపు వాలినట్టుంటుంది. ఫొటోలు తీసి చూపితే చాచీ, "ఇది నాలాగే ఒక పక్కకు నడుస్తోందే" అన్నారు. ఇప్పుడు వాళ్ళ మనవడు, ఇంటరు చదివే పిల్లవాడు, మా డాబాకు వచ్చి కత్తిరింపు నేర్చుకుంటున్నాడు.

ఇటువంటి చెట్లు చేతులు మారుతూ ఉంటాయి. వాషింగ్టన్ నగరంలోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో ఒక పైన్ చెట్టు ఉంది. 1625 నుంచి పళ్ళెంలో పెరుగుతున్నది. హిరోషిమాలో యమాకి అనే కుటుంబంవారిది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆ ఇల్లు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. గోడ చాటున ఉన్నందున చెట్టు బతికింది. 1976లో జపానువారు అమెరికాకు 53 బోన్సాయ్ చెట్లు కానుకగా పంపినప్పుడు, బాంబు వేసిన ఆ దేశానికే ఇదీ వెళ్ళింది. ఇచ్చినాయన ఆ సంగతిని చాటుకోలేదు. 2001లో ఆయన మనవళ్ళు తాతగారి చెట్టును చూడటానికి వెళ్ళి చెబితే గాని దాని కథ మ్యూజియంలో బయటపడలేదు. దాదాపు నాలుగు వందల ఏళ్ళపాటు ఎవరో ఒకరు దానికి నీళ్ళు పోస్తూనే ఉన్నారు.

సభ మొదలయ్యే ముందు ఒక సోదరి అడిగారు: "పెళ్ళికి నాలుగు రోజులు ఊరికి వెళితే ఎట్లా?" మంచి ప్రశ్న, నిజానికి చాలా చెట్లు పెళ్ళిళ్ళ కాలంలోనే పోతాయి. వెడల్పాటి టబ్బులో ఇసుక పోసి బాగా తడిపి, పళ్ళేన్ని ఆ ఇసుకమీద నీడలో పెట్టి వెళితే చలికాలంలో మూడు రోజులు ఆగుతుంది. మే నెలలో ఆగదు. పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్ళండి. ఎన్ని నీళ్ళు పొయ్యాలో చెంబుతో కొలిచి, వాళ్ళ ఎదుట ఒకసారి పోసి చూపించి వెళ్ళండి. "కాసిని పొయ్యండి" అంటే ఒకరు చెంచాడు పోస్తారు, ఒకరు బక్కెట్టు పోస్తారు.

మీ ఇళ్ళలో ట్యాంకుల వెనకాల, మెట్ల కింద ఇట్లాంటివి ఏవైనా ఉంటే గోటితో గీకి చూడండి. పచ్చగా ఉంటే మాకు కబురు చెయ్యండి, వచ్చి చూస్తాము. మా డాబా చూడదలచినవారు సాయంత్రం అయిదు దాటాక రావచ్చు. పొద్దున పూట మాత్రం నీళ్ళు పోసే హడావిడిలో ఉంటాము, చాయ్ కూడా ఇవ్వలేము.